జోడీ తరఫున జవాబు

ఆ రోజు వినోద చేయవలసిన పనులు ఇవి. ట్యాంకరు రాగానే, గుంపు పెరగకముందే రెండు బిందెల నీళ్ళు పట్టుకోవాలి. బాపుకు బీపీ గోళీలు అయిపోయాయి, మందుల షాపు షట్టరు సగం ఎత్తి ఉన్నప్పుడే తెచ్చుకోవాలి. ఊరికి పోవడానికి పేర్లు ఇచ్చినవాళ్ళ ఆధార్ ఫోటోలు మసకగా ఉన్నాయని వెనక్కి వచ్చాయి, వాటిని మళ్ళీ తీసి ఫోన్‌లో ఎక్కించాలి. పంచాయతీ వాళ్ళు పంపే ఖిచిడీ దించుకుని ఇంటింటికీ పంచాలి. బార్డోలీ కాలేజీకి రాజనీతిశాస్త్రం జవాబు రాసి పంపాలి. ఆఖరున గల్లీ దాటి ఒడియా మెస్సుకు వెళ్ళి, "మేము రావడం లేదు" అని చెప్పి రావాలి.

మిగతా పనులన్నీ పగటి అన్నం వేళకే అయిపోయాయి. ఆఖరిది మాత్రమే మిగిలింది. వినోద ముఖానికి మాస్కు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకుంది.

"పోతవా, నన్ను పొమ్మంటవా?" అంది తల్లి గంగవ్వ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"నువ్వు పోతే వాళ్ళతోని కొట్లాట పెట్టుకుంటవమ్మా. నేనే పోత."

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం అది. సూరత్ పక్కన జోల్వాలో సాంచాలు ఆగి నెల దాటింది. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళూ ఆ మాటే అంటారు, గుజరాతీ సేఠులూ ఆ మాటే అంటారు. రాత్రింబగళ్ళు టకటకలాడే ఆ చప్పుడు లేకపోయేసరికి లైన్‌లో చంటిపిల్లలు నిద్రపోవడం మానేశారు.

లైన్ అంటే రేకుల ఇళ్ళ వరుస. అక్కడ ఉండేదంతా తెలుగువాళ్ళు, తండ్రుల కాలంలో కరీంనగర్ పల్లెల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. గల్లీ అవతల మేడ మీద ఒడియా మెస్సు. గంజాం జిల్లా నుంచి వచ్చిన మగవాళ్ళు అక్కడే వండుకు తిని, అక్కడే పడుకుని, సాంచాల మీదికి పోయేవారు. వాళ్ళ పెళ్ళాం పిల్లలు అక్కడ ఊళ్ళో, తెలుగువాళ్ళ పెళ్ళాం పిల్లలు ఇక్కడ లైన్‌లో. తరువాత వచ్చిన తేడా అంతా ఇక్కడి నుంచే వచ్చింది.

సాంచాలకు పగలు ఒక మనిషి, రాత్రి ఒక మనిషి. ఈ ఇద్దరినీ జోడీ అంటారు. వినోద తండ్రి సోమలింగం పగటి మనిషి, సిమాంచల్ ప్రధాన్ రాత్రి మనిషి. వినోద పుట్టకముందు నుంచీ అంతే. పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు సాంచా ఆపరు. దిగేవాడు పిడి మీద చెయ్యి పెట్టి నిలబడతాడు. ఎక్కేవాడు వచ్చి ఆ చెయ్యి మీద తన చెయ్యి వేస్తాడు. అప్పుడు కింది చెయ్యి బయటికి వస్తుంది. నడిచే సాంచా ఒక్క క్షణం కూడా చెయ్యి లేకుండా ఉండకూడదని ఆ షెడ్డులో నియమం. ఎవరు పెట్టారో తెలియదు, తప్పినవాడు మాత్రం లేడు.

జోడీలో ఒకడు రాకపోతే సేఠ్ రెండోవాణ్ణి అడుగుతాడు, నీ జోడీదారు ఏడీ అని. సిమాంచల్‌కు జ్వరం వస్తే, "ఎల్లుండి వస్తడు సేఠ్, వేరేటోన్ని పెట్టకు" అని సోమలింగం చెప్పేవాడు. గంగవ్వ పురుడు నాడు సోమలింగం తరఫున సిమాంచల్ చెప్పాడు. అలా చెప్పకపోతే తెల్లారేసరికి ఆ సాంచా మీద కొత్తవాడు ఉండేవాడు. అందుకని జోడీ తరఫున జవాబు చెప్పడం ఇద్దరికీ ఊపిరి తీసినంత అలవాటైపోయింది.

ఇద్దరు మనుషుల పద్ధతి మెల్లగా రెండు గుంపుల పద్ధతి అయింది. ఒక ఏడాది సేఠ్ మీటరు రేటు కోసినప్పుడు లైన్‌వాళ్ళు, మెస్సువాళ్ళు కలిసి సాంచాలు ఆపారు. ఆ రోజుల్లోనే ఖరారు చేసుకున్నారు. ఏ గుంపు కొట్లాటకు దిగినా రెండో గుంపుకు ముందు చెప్పాలి. రెండో గుంపు రాకపోతే రాకపోవచ్చు, కాని వెనక నుంచి పొడవకూడదు.

ఇప్పుడు మెస్సువాళ్ళు కొట్లాటకు దిగుతామంటున్నారు. తిండి సరిపోవడం లేదు, ఊరికి రైలు లేదు, అడిగితే చెప్పే నాథుడు లేడు. అందరం కలిసి పోలీసు తనిఖీ ఉండే నాకా దగ్గర రోడ్డు మీద కూర్చుందామని కబురు పెట్టారు. నిన్న సాయంత్రం లైన్‌లో పెద్దవాడైన సాంబయ్య ఇంటి ముందు దాని మీద మాట్లాడుకున్నారు.

"ఈడ పిల్లలున్నరు, ముసలోళ్ళున్నరు. నాకా కాడ లాఠీ లేస్తె ఉరికేదెవలు?" అన్నాడు సాంబయ్య.

"నేను ఉరుకుత పెద్దబాపు," అన్నాడు బిక్షపతి. లైన్‌లో అందరికంటే లావుపాటి మనిషి. "కాకుంటె నా పొట్ట జర ఎనుక వస్తది. దానికి పాసు లేదు."

ఆడవాళ్ళు నవ్వారు. సోమలింగం నవ్వలేదు.

"మనం కొట్లాడిననాడు వాళ్ళు మనెంట నిలబడ్డరు. ఇయ్యాల మనం ఇంట్ల పండుకుంటే ఏమనుకుంటరు?"

"అనుకుంటె అనుకోని," అంది గంగవ్వ. "రామని మొఖం మీద చెప్పుదాం. ఊరికి పేర్లిచ్చినం, బస్సు వస్తదంటున్నరు. రోడ్డు మీద కేసయితే ఆ బస్సు గూడ పాయె."

చివరికి సాంబయ్య లేచి నిలబడ్డాడు. "మనం పోం. కాని వాళ్ళు పోయే సంగతి ఈ లైన్ దాటి సేఠ్ చెవుల పడొద్దు, వాడు పోలీసులను పిలుస్తడు. పడితె మనం మనుషులమే గాదు. ఏమంటరు?"

"పడదు," అన్నారు అందరూ. సోమలింగం గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది.

గల్లీకి అడ్డంగా వెదురు బొంగులు కట్టి ఉన్నాయి. మగవాడు దాటితే పోలీసు దెబ్బలు పడుతున్నాయి. ఖిచిడీ పంచడానికి పంచాయతీ వాళ్ళు ఇచ్చిన పాసు వినోద దగ్గరుంది. హిందీ, గుజరాతీ వచ్చు, ఒడియా కూడా నాలుగు ముక్కలు వచ్చు. లైన్‌లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. కనుక రాయబారం ఆమె మీద పడింది.

విచిత్రమేమిటంటే ఆ వారం కాలేజీ వాళ్ళు ఇచ్చిన ప్రశ్న కూడా అలాంటిదే. రెండు మిత్రదేశాల్లో ఒకటి యుద్ధానికి పోదామంటుంది, రెండోది వద్దంటుంది, వాటి స్నేహం నిలుస్తుందా అని. వినోద పొద్దున్నే జవాబు రాసి పంపింది. నిలుస్తుంది అని రాసింది. యుద్ధానికి రానంటే స్నేహం తెగదు, దాచితే తెగుతుంది, రాయబారి నిజం చెప్పినంత కాలం రెండు దేశాల మధ్య దారి ఉంటుంది అని రాసింది. రాసినప్పుడు తనకే బాగుందనిపించింది.

మెస్సు ఇనుప మెట్ల మీద టుకునా కూర్చుని ఉన్నాడు. కొత్తగా గడ్డం వస్తున్న పిల్లవాడు, నోరు దురుసు, హిందీలో మాట్లాడతాడు.

"రా దీదీ! రాయబారి వచ్చింది. మీ ఫౌజు ఏది?"

"మా ఫౌజు ఖిచిడీ తిని పండుకుంది," అంది వినోద, హిందీలోనే.

"పండుకున్న ఫౌజు మాకెందుకు? లేచాక పంపు," అని చేతుల్లో శానిటైజరు పోశాడు. "రుద్దుకో. ఖరారులో ఇప్పుడు కరోనా కూడా చేరింది."

సిమాంచల్ మెట్లు దిగి వచ్చాడు. సన్నటి మనిషి, చెవుల దగ్గర తెల్లబడ్డ జుట్టు. ఇన్నేళ్ళ జోడీ వల్ల అతనికి తెలుగు వచ్చింది, అదీ సోమలింగం తెలుగే.

"చెప్పు బిడ్డా. నీ మొఖంల కనబడుతున్నది. అయినా చెప్పు, చెప్పేది చెప్పాలె."

"మా వాళ్ళు వస్తలేరు కాకా. పిల్లలున్నరు, బస్సుకు పేర్లిచ్చినం. మిమ్మల్ని ఆపం. ఎవలకూ చెప్పం. గంతే."

టుకునాకు మాట అర్థం కాకపోయినా తలకాయ ఊపు అర్థమైంది. "ఇన్నేళ్ళ దోస్తీ! లాఠీ పేరు వింటేనే అయిపోయిందా?"

"ముయ్ రా," అన్నాడు సిమాంచల్ ఒడియాలో. "ఈడ నీకు బిడ్డ ఉన్నదా? లేదు. వాళ్ళకున్నది." తరువాత వినోద వైపు తిరిగాడు. "రామని చెప్పనీకి మనిషిని పంపిండ్రు. దుష్మనైతే పంపడు. చూడు, మేం రేపు పొద్దుగాల పోతున్నం, ఎండ ముదరకముందే. నీకెందుకు చెప్తున్న? ఖరారు గట్లున్నది కాబట్టి చెప్తున్న."

"మా లైన్ నుంచి మాట బయటికి పోదు కాకా."

"ఇది నీ మాటనా, మీ వాళ్ళ మాటనా?"

"ఇద్దరిదీ."

సిమాంచల్ మెట్ల పక్కన ఇనుప కడ్డీ మీద చెయ్యి పెట్టాడు. వినోదకు ఏం చేయాలో తెలుసు. చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకుపోయి షెడ్డులో ఎన్నిసార్లు చూసిందో. అతని చేతి మీద తన చెయ్యి వేసింది. అతను తన చెయ్యి కింది నుంచి మెల్లగా తీసుకున్నాడు.

"ఇగ మాట నీ చేతిల ఉన్నది," అని నవ్వాడు.

వినోద ఇంటికి వచ్చి సాంబయ్యకూ బాపుకూ చెప్పింది. రేపు పొద్దున పోతున్నారని, కోపం పెట్టుకోలేదని. బాపు ముఖం తేటపడింది. ఆ రాత్రి చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నాడు.

తెల్లవారి ఇంకా ఎండ పడకముందే గల్లీలోకి వ్యాన్లు వచ్చాయి.

వినోద బిందె పట్టుకుని బయట నిలబడి ఉంది. ముందు ఖిచిడీ బండేమో అనుకుంది. పోలీసులు దిగారు. సూటిగా మెస్సు మెట్ల దగ్గరికి పోయారు. పక్క మేడ చూడలేదు, వెనక మెస్సు చూడలేదు. ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో తెలిసి వచ్చినట్టే వచ్చారు. పైన మనుషులు చొక్కాలు వేసుకుంటున్నారు, కొందరు సగం మెట్లు దిగి ఉన్నారు. లాఠీలు లేచేసరికి కిందివాళ్ళు పైకి, పైవాళ్ళు కిందికి తోసుకున్నారు. ఆ తోపులాటలో ఒక మనిషి ఇనుప మెట్ల మీద దొర్లి, తల కొట్టుకుని, కింద పడ్డాడు. లేచి కూర్చున్నాక గాని అతను సిమాంచల్ అని ఆమె పోల్చుకోలేదు, ముఖమంతా నెత్తురు.

బిందె ఎప్పుడు చేయి జారిందో తెలియదు. నీళ్ళు కాళ్ళ మీదుగా పోతుంటే కూడా అక్కడే నిలబడింది.

వ్యాన్లు కొందరిని ఎక్కించుకుని వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళను గది దాటవద్దని చెప్పారు. టుకునా వెదురు బొంగుల దగ్గరికి వచ్చి అరిచాడు.

"దీదీ! చెయ్యి పెట్టావు కదా! ఏ చెయ్యి అది? చూపించు, మళ్ళీ ఒకసారి చూపించు!"

వినోద బొంగుల వైపు రెండడుగులు వేసింది. సరిగ్గా అప్పుడే చేతిలో ఫోను మోగింది. ఊరికి పోవడానికి అనుమతి వచ్చిందట, రేపు పొద్దున బస్సట. పక్కనున్న బిక్షపతి ఆ సందేశం తొంగి చూశాడు. ఆలోచించే మనిషి కాదు, ఈల వేశాడు. ఇళ్ళలోంచి పిల్లలు ఉరికి వచ్చి ఎగిరారు. "బస్సు వచ్చింది, బస్సు వచ్చింది" అని లైన్ అంతా కేకలు.

గల్లీ అవతల నెత్తురు కడుక్కుంటున్నవాళ్ళు ఆ కేకలు విన్నారు. టుకునా ఒకసారి లైన్ వైపు చూసి వెనక్కి తిరిగి పోయాడు. తిట్టినా బాగుండునని వినోద తరువాత అనుకుంది.

పగలంతా లైన్‌లో ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు, నువ్వా, నువ్వా అని. ఒట్లు పెట్టుకున్నారు. సాంబయ్య ప్రతి గడప ముందూ నిలబడ్డాడు. ఎవరూ కాదన్నారు, ఎవరి ముఖంలోనూ అబద్ధం లేదు. సోమలింగం గోడకు ఆనుకుని కూర్చుని, "సిమాంచల్ తలకు కట్టు కట్టిండ్రా? ఎవలన్న చూసిండ్రా?" అని మాత్రం అడుగుతున్నాడు.

సాయంత్రం మెస్సువాళ్ళు కర్రలు పట్టుకుని బొంగుల దగ్గరికి వచ్చారు. ఆడవాళ్ళు పిల్లలను లోపలికి తోసి తలుపులు వేసుకున్నారు. కొంచెంసేపు అరుపులు వినిపించాయి. తరువాత ఏదో జరిగింది. అరుపులు వాళ్ళలో వాళ్ళకే మళ్ళాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

వినోద తలుపు సందులోంచి చూసింది. టుకునా ఒక్కడే బొంగుల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె బయటికి వచ్చింది.

"మాఫ్ చెయ్ దీదీ," అన్నాడు తల ఎత్తకుండా. "మీరు కాదు. మా మనిషే. సిమాంచల్ భాయ్."

"ఏమిటి?"

"మేం మీ మీదికి వస్తుంటే మెట్ల కింద అడ్డం నిలబడ్డాడు. 'సేఠ్ నాకు ఫోను చేశాడు, నేనే చెప్పాను, తెలుగువాళ్ళ తప్పేం లేదు' అన్నాడు. కట్టు కట్టిన తలతో నిలబడి అన్నాడు. మేం... ఇక మేమేం చేశామో అడగకు."

వినోదకు అది నమ్మబుద్ధి కాలేదు. తల మీద దెబ్బ తగిలి మతి తప్పిందేమో అనుకుంది. ఇంట్లోకి పోయి, గడపలోనే నిలబడి చెప్పింది.

"బాపూ, సేఠ్‌కు చెప్పింది సిమా కాకనేనంట. తనే ఒప్పుకున్నడంట. సేఠ్ ఫోన్ చేస్తే చెప్పిండంట."

గంగవ్వ, "అయ్యో, వానికేం పొయ్యేకాలం!" అంది.

సోమలింగం కూతురి ముఖంలోకి చూశాడు. "సేఠ్ ఫోన్ చేసింది వానికి గాదు," అన్నాడు. "నాకు."

గంగవ్వ వచ్చి అతని ముందు కూర్చుంది.

"నిన్న పొద్దు మూకే యాళ్ళకు చేసిండు. షెడ్డు తెరవనీకి కాయితం వస్తున్నది, రేపు పొద్దుగాల మిషన్లు తుడవాలె, నీ జోడీదారు వస్తడా అన్నడు. నేను..." అతని చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఆ చేతులకేసి చూసుకున్నాడు. "రేపు రాడు సేఠ్, రేపు పొద్దుగాల వాళ్ళంత నాకా కాడికి పోతున్నరు, ఎల్లుండి వస్తడు, వేరేటోన్ని పెట్టకు అన్న. ఎప్పటి తీరుగనే అన్న. వాని సాంచా పోవద్దని అన్న. నేను చెప్పిన్నని గూడ నాకు యాదికి లేదు బిడ్డా. ఇప్పుడు నువ్వు ఫోన్ అన్నంకనే..."

"పొద్దటి సంది ఒట్లు పెడుతున్నరు గదయ్యా!" అంది గంగవ్వ.

"నేను గూడ పెట్టిన. అబద్ధం అనుకోని పెట్టలే."

వినోదకు ఒక్కసారిగా అర్థమైంది. సిమాంచల్‌కు పొద్దున్నే తెలిసిపోయి ఉంటుంది. తను రాని రోజున సేఠ్ ఎవరిని అడుగుతాడో, ఆ మనిషి ఏమని జవాబు చెబుతాడో అతనికి కాక ఎవరికి తెలుసు? తెలిసే తన మీద వేసుకున్నాడు. కర్రలు గల్లీ దాటకుండా ఉండాలని.

సోమలింగం లేచి చెప్పులు వేసుకున్నాడు. మాట అప్పటికే గోడ దాటింది. సాంబయ్య వచ్చి గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి? వాళ్ళకు చెప్తవా? మతి ఉన్నదా సోమా? తెల్లారితె బస్సు. ఇప్పుడు నువ్వు చెప్తె బస్సుకు అగ్గి పెడుతరు. వాడు మనకోసమే మీదేసుకున్నడు. వానికి దండం పెట్టి నోరు మూసుకో."

"వాడు చెయ్యి పెట్టి నిలబడ్డడే పెద్దబాపు. ఎదురుచూస్తున్నడు. నేను పోయి నా చెయ్యి వెయ్యకపోతె ఎట్ల తీస్తడు?"

"పిల్లలకు ఏమన్న అయితే?"

సోమలింగం గడప వైపు అడుగు వేశాడు. సాంబయ్య చెప్పింది తప్పని వినోద ఈనాటికీ అనుకోదు. అయినా ఆమె మాస్కు కట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. "మాట ఇచ్చింది నేను పెద్దబాపు. బద్దలైంది గూడ నేనే పోయి చెప్పాలె," అంది. సాంబయ్య పక్కకు జరిగాడు.

దీపాలు పెట్టే వేళ అది. బొంగుల కింది నుంచి దూరి గల్లీ దాటారు. మెస్సు మెట్ల ముందు నేల మీద ఒక ఇనుప ట్రంకు పక్కకు ఒరిగి పడి ఉంది. మూత తెరుచుకుని, రెండు చొక్కాలు, ఒక దువ్వెన మట్టిలో పడి ఉన్నాయి. ఆ చొక్కాల్లో ఒకటి సోమలింగం ఇచ్చినదే.

"సిమాంచల్ ఏడీ?" అన్నాడు హిందీలో.

మెట్ల మీద ఉన్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. టుకునా చెప్పాడు. "వెళ్ళిపోయాడు. ట్రంకు మేమే విసిరేశాం. అది కూడా తీసుకోలేదు. బార్డోలీ రోడ్డు పట్టుకుని పోయాడు. ఊరు ఆ దిక్కునే కదా."

ఊరు ఆ దిక్కునే. బార్డోలీ దాటి, మహారాష్ట్ర దాటి, ఛత్తీస్‌గఢ్ దాటి, ఆ అవతల. వినోద దేశపటం చదువుకున్న పిల్ల. తల మీద కట్టుతో ఒక మనిషి ఆ పటం మీద నడుస్తున్నట్టు ఆమెకు కనిపించింది.

సోమలింగం మెట్ల కింద నిలబడి చెప్పాడు. సేఠ్ ఏమడిగాడో, తానేమన్నాడో, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. కొడతారని చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఎవరూ కొట్టలేదు. పైమెట్టు మీద ఒక ముసలాయన చేతిలో కర్ర ఉంది, దాన్ని మెల్లగా గోడకు ఆనించాడు. టుకునా మట్టిలో ఉన్న చొక్కాలు ఏరి, దులిపి, మడత పెట్టి ట్రంకులో పెట్టసాగాడు. పెడుతూ పెడుతూ మధ్యలో ఆగిపోయి, అక్కడే చతికిలబడ్డాడు.

"ట్రంకు విసిరింది నేనే దీదీ," అన్నాడు.

ఫోను చేస్తే సిమాంచల్ ఫోను పలకలేదు. ఆ గొడవలో చార్జి చేసుకుని ఉండడు. మెస్సువాళ్ళు నలుగురు నాకా దాకా పోయి చూస్తే పోలీసులు వెనక్కి తరిమారు.

పొద్దున బస్సు వచ్చింది. ఎవరూ అగ్గి పెట్టలేదు, ఎవరూ రాయి విసరలేదు. లైన్‌వాళ్ళు మూటలు ఎక్కిస్తున్నప్పుడు సోమలింగం ఫోను మోగింది. ఎవరో పోలీసాయన, గుజరాతీలో మాట్లాడుతున్నాడు. సోమలింగం ఫోనును కూతురికి ఇచ్చాడు.

బార్డోలీ దాటాక, చెరుకు తోట పక్కన, రోడ్డు గట్టు మీద ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. తలకు కట్టు ఉందట. ఫోను చార్జికి పెట్టి చూస్తే ఆఖరున వెదికిన పేరు "జోడీ" అని ఉందట. ఈ నంబరు ఎవరిది, మీరు అతనికి ఏమవుతారు అని అడుగుతున్నాడు.

వినోద అది తెలుగులో తండ్రికి చెప్పింది. సోమలింగం విని, ఎక్కించిన తన మూట బస్సు మీది నుంచి దింపుకున్నాడు. గంగవ్వ రెండో మూట తానే దింపింది. సాంబయ్య కిటికీలోంచి, "బస్సు ఆగదు సోమా," అన్నాడు. బిక్షపతి బస్సు మెట్టు మీద నిలబడి ఏడుస్తున్నాడు. "ఈలెందుకేసిన్నో," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. బస్సు కదిలింది.

పంచాయతీ వాళ్ళు ముగ్గురికి పాసు ఇచ్చారు. సోమలింగం, వినోద, టుకునా పాల టెంపోలో బార్డోలీ పోయారు. దహనం అక్కడే చేశారు. గంజాం నుంచి ఎవరూ రాలేరు కనుక వినోద తన ఫోను ఎత్తి పట్టుకుంది, అక్కడ పల్లెలో ఒక ఇంటి వరండాలో సిమాంచల్ భార్య, బంధువులు చూశారు. నిప్పు పెట్టింది టుకునా. పెట్టే ముందు సోమలింగం వైపు చూశాడు. సోమలింగం వచ్చి ఆ పిల్లవాడి చేతి మీద చెయ్యి వేశాడు.

ఫోనులోంచి సిమాంచల్ భార్య ఏదో అడిగింది. టుకునా హిందీలో చెప్పాడు. "అక్కడ ఇంకెవరున్నారని అడుగుతోంది. జోడీ ఉన్నాడా అని అడుగుతోంది. జోడీ ఉంటే భయం లేదని ఎప్పుడూ అనేవాడట."

ఇన్నేళ్ళు జోడీ తరఫున జవాబు చెప్పిన మనిషికి ఆ రోజు నోరు రాలేదు. వినోద ఫోను తండ్రి ముఖం వైపు తిప్పింది. అతను రెండు చేతులూ జోడించి అలాగే నిలబడ్డాడు. సిమాంచల్ భార్య చూసింది. సేఠ్‌కు అతను చెప్పిన సంగతి ఆమెకు చెప్పడం తరువాత జరిగింది, ఆ కష్టం వేరే.

వానలు మొదలయ్యాక షెడ్డు తెరిచారు. ఊళ్ళకు పోయినవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. సాంబయ్య రాలేదు. ఖరారు తెగిపోలేదు, కాని అందులో ఒక మాట చేరింది. ఇప్పుడు ఆ షెడ్డులో ఎవరి జోడీ గురించైనా సేఠ్ అడిగితే, "వాణ్ణే అడుగు సేఠ్" అంటారు. తెలుగువాళ్ళూ అంతే, ఒడియావాళ్ళూ అంతే. అందువల్ల ఒకరిద్దరి సాంచాలు చేయి జారిపోయాయి కూడా. అయినా మానలేదు. చెయ్యి మీద చెయ్యి వేసే పద్ధతి మాత్రం అలాగే ఉంది. సోమలింగం రాత్రి జోడీ ఇప్పుడు టుకునా. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

కాలేజీ జవాబుకు వినోదకు మంచి మార్కులే వచ్చాయి. రాయబారి నిజమే చెప్పాలని రాసింది కదా, తానూ నిజమే చెప్పింది. నిజం చెప్పినా మాట బద్దలవుతుందని ఆ పుస్తకంలో లేదు. ఆమె ఆ మార్కులు ఎవరికీ చూపించలేదు.

మీ ఇంట్లో సూరత్ చీర ఒకటైనా ఉండి ఉంటుంది. పండుగకో, పెట్టుబడికో ఎవరో ఇచ్చినది, పెట్టె అడుగున ఉన్నా సరే. అది రాత్రి పూట నేసిందో, పగటి పూట నేసిందో చూసి చెప్పలేరు. పాళీ మారినచోట పోగు తెగదు కనుక అతుకు కనబడదు. ఈసారి దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, తనది కాని తప్పును తన మీద వేసుకుని బార్డోలీ రోడ్డు మీద నడిచిపోయిన సిమాంచల్ ప్రధాన్‌ను ఒక్కసారి తలుచుకోండి.